నడుము మీది నల్లపైపు

బొమ్మల కొట్లో వేలాడే రంగురంగుల హూలా హూప్ రింగును ఒకసారి చేతిలోకి తీసుకోండి. బరువే ఉండదు. ముక్కలుగా ఊడదీసి మళ్లీ బిగించే రకమైతే అతుకు అతుకుకూ ఒక గాటు చేతికి తగులుతుంది. నడుముకు వేసి తిప్పితే ఒకటి రెండు చుట్లు తిరిగి పాదాల దగ్గర కూలబడుతుంది. తిప్పినవాళ్లు తమ వయసును, నడుమును తిట్టుకుని దాన్ని మంచం కిందికి తోసేస్తారు. తిట్టవలసింది రింగును. అది చిన్నపిల్లల కొలతకు చేసిన వస్తువు.

పెద్దవాళ్లు నేర్చుకునే రింగును నేల మీద నిలబెడితే బొడ్డు దాటి పైకి రావాలి, ఛాతీ దాకా వచ్చినా తప్పులేదు. అడ్డుకొలత సుమారు 40 అంగుళాలు. రింగు పెద్దదయ్యేకొద్దీ నిదానంగా తిరుగుతుంది. ఆ నిదానంలోనే నడుముకు తర్వాతి తోపు తోయడానికి వ్యవధి దొరుకుతుంది. చిన్న తేలిక రింగు కన్నుమూసి తెరిచేలోగా చుట్టు ముగించేస్తుంది. దాని వేగాన్ని అందుకోవడం ఆరితేరినవాళ్లకే చెల్లు. కొత్తవాళ్లు సులువనుకుని కొనేది, చిత్రంగా, అన్నిటికన్నా కష్టమైనదాన్ని.

ఈ సంగతి తెలిసిన హూప్ ఆటగాళ్లు చాలామంది రింగులు తామే చేసుకుంటారు. ముడిసరుకు వ్యవసాయ సామాన్ల కొట్లో ఉంటుంది. పొలానికి నీళ్లు పారించే ముప్పావు అంగుళం నల్ల పాలిథిన్ పైపు. దాన్ని చుట్టలు చుట్టి అమ్ముతారు కాబట్టి వంపు దానికి ముందే అలవాటై ఉంటుంది. 40 అంగుళాల రింగుకు పదిన్నర అడుగుల ముక్క కోస్తే చాలు. బరువు అరకిలోకి కాస్త పైన తూగుతుంది. ఆ బరువే గురువు. రింగు ఇప్పుడు ఎక్కడుందో, ఎటు పోతోందో ఒంటికి తెలియజేసేది అదే.

పనితనమంతా అతుకు దగ్గర బయటపడుతుంది. పాలిథిన్‌కు జిగురు పట్టదు. అందుకని పైపు కొసను మరిగే నీళ్లలో ముంచి మెత్తబరుస్తారు. పళ్లున్న జాయినర్‌ను సగం దాకా లోపలికి నెడతారు, రెండో కొసకూ అంతే. చల్లారేటప్పుడు పైపు బిగుసుకుని ఆ పళ్లను కరుచుకుంటుంది. చెప్పినంత తేలిక కాదిది. నెట్టే తొందరలో పైపు ఏమాత్రం మెలి తిరిగినా రింగును నేల మీద పడుకోబెట్టినప్పుడు ఒక పక్క లేస్తుంది. తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు చేసిన రింగును కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతూ పోతే అతుకు ఎక్కడో తెలియదు. మంచి రింగును గుర్తుపట్టడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇదే.

ఆ తర్వాత టేపు. గుడ్డ టేపును ఏటవాలుగా, చుట్టుకూ చుట్టుకూ ఒకే ఎడంతో రింగంతా చుట్టాలి. అది సొగసు కోసం కాదు, బట్టకు పట్టు దొరకడం కోసం. మెరిసే టేపు మీద మోజున్నవాళ్లు రెండింటినీ పక్కపక్కనే పోనిస్తారు. టేపు వద్దనుకుంటే లోపలి అంచును గరుకు కాగితంతో రుద్దినా పని జరుగుతుంది.

నీటి పైపు ఆటవస్తువు కావడంలో వింతేమీ లేదు, రెండింటిదీ ఒకే వంశం. ఆస్ట్రేలియా పిల్లలు వ్యాయామానికి తిప్పే వెదురు రింగుల సంగతి విని, కాలిఫోర్నియాలో వామ్-ఓ కంపెనీ నడిపే రిచర్డ్ నర్, ఆర్థర్ మెలిన్ 1958లో ప్లాస్టిక్ రింగు దించారు. నాలుగు నెలల్లో రెండున్నర కోట్లు అమ్ముడయ్యాయని చెబుతారు. దాని సరుకు ఫిలిప్స్ పెట్రోలియం వారి మార్లెక్స్ అనే గట్టి పాలిథిన్. గోదాముల్లో పేరుకుపోయిన ఆ సరుకును మొదట గట్టెక్కించింది రింగుల మోజే.

ఇక తిప్పడం. నడుమును గుండ్రంగా తిప్పాలనుకుంటారు అందరూ. అక్కర్లేదు. ఒక పాదం కాస్త ముందుకు వేసి, మోకాళ్లు సడలించి, బరువును ముందు పాదం మీదికీ వెనక పాదం మీదికీ మార్చుకుంటూ పోతే చాలు. గుండ్రంగా తిరిగే పని రింగుది. మొదట వీపుకు ఆనించి నేలకు సమంగా, గట్టిగా విసరాలి. జారుతున్నట్టు తోస్తే తోపుల వేగం పెంచాలి.

అసలది పడకుండా ఎలా నిలుస్తుందని న్యూయార్క్ విశ్వవిద్యాలయం గణిత పరిశోధకులు ఇటీవల చిన్న యంత్రాలు కట్టి చూశారు. ఆరు అంగుళాల బుల్లి రింగును రకరకాల ఆకారాల మీద తిప్పారు. నిలువు స్తంభం మీద అది జారిపోయింది. శంకువు మీద కుదురుగా నిలవలేదు. నడుములా మధ్యలో సన్నబడిన ఆకారం మీద నిలిచింది. కింద వెడల్పయ్యే వాలు రింగును పైకి నెడుతుంది, నడుము వంపు దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. అయితే కొలతలు కాస్త అటూ ఇటూ అయిన ఒళ్లు తిప్పడానికి పనికిరాదని కాదు, కాస్త ఎక్కువ శ్రమపడాలంతే.

ఆ శ్రమ ఊరికే పోదు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ చేయించిన పరీక్షలో నిమిషానికి సగటున 7 క్యాలరీలు ఖర్చయ్యాయి. 2019లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో అధిక బరువున్నవారు ఆరు వారాలు కిలోన్నర రింగును రోజుకు సగటున 13 నిమిషాలు తిప్పితే నడుము చుట్టుకొలత 3 సెంటీమీటర్లు తగ్గింది. చెడు కొలెస్ట్రాల్ తగ్గించడంలో మాత్రం నడకదే పైచేయి. బరువు రింగుతో మొదట్లో నడుము చుట్టూ కమిలిన మచ్చలు పడొచ్చు. నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు.

ఇప్పుడు నడుముకు బెల్టులా బిగించుకుని, తాడుకు వేలాడే గుండును తిప్పే స్మార్ట్ హూప్‌లు వచ్చాయి. చెమట పడుతుందేమో కాని, పడిపోని రింగును రింగనడానికి నాకు మనసొప్పదు. పడబోయేదాన్ని ఆఖరి క్షణంలో నడుముతో ఎగదోసి కాపాడుకోవడమే కదా ఇందులోని సరదా!

బట్టల మాట చెప్పలేదు. జారే సింథటిక్ కన్నా ఒంటికి అతికిన నూలు బట్ట మేలు. చీర పనికిరాదని అనుకుంటారేమో, ఢిల్లీకి చెందిన ఎష్నా కుట్టీ 2020లో చీర కట్టి, బూట్లు తొడిగి హూప్ ఆడిన వీడియోను దేశమంతా చూసింది. రింగు నడుము మీంచి భుజానికి, భుజం మీంచి చేతికి ఒక్క తడబాటు లేకుండా పాకుతుంది. ఆమెలా కాకపోయినా, మేడమీద చీరలోనే తిప్పాలనుకుంటే కుచ్చిళ్లు పలచగా పరుచుకునేలా దోపుకోవాలి. అక్కడ ఎత్తుగా ఉంటే రింగు ప్రతి చుట్టుకూ దానికే తట్టుకుంటుంది. కొంగు ఎలాగూ బిగించాల్సిందే.