తవ్వడం ఎప్పుడు ఆపాలి?

మన ఎముకల్ని లోపలినుంచి తవ్వే కణాలున్నాయంటే చాలామంది ఉలిక్కిపడతారు. వాటి పేరు ఆస్టియోక్లాస్టులు. పాత ఎముకను అవి కరిగిస్తేనే ఆ చోట కొత్త ఎముక పడుతుంది. వాటిని ల్యాబులో పెంచి, చేసే పనిని గమనించడం నా వృత్తి. ఇన్నేళ్లయినా నాకు ఆశ్చర్యం తీరనిది ఒకటుంది: ఎక్కడ ఆపాలో వాటికెలా తెలుస్తుంది?

ఆస్టియోక్లాస్టు ఎముకను అంచు పొడవునా గట్టిగా కరుచుకుని, తన కింద ఇరుకైన గదిలాంటిది ఏర్పరచుకుంటుంది. అందులోకి ఆమ్లాన్ని వదులుతుంది. పీహెచ్ 4.5 దగ్గరికి పడిపోయి ఖనిజం కరుగుతుంది. మిగిలిన కొల్లాజెన్‌ను కథెప్సిన్ కె అనే ఎంజైము తెంపేస్తుంది. కరిగిన కాల్షియం మాత్రం అక్కడే పోగవుతుంది. సన్నటి ఎలక్ట్రోడ్లను కణం కిందికి దూర్చి కొలిచినవాళ్లు 1988లో ఇచ్చిన లెక్క 40 మిల్లీమోలార్ల దాకా. రక్తంలో అయాన్లుగా తిరిగే కాల్షియం 1.2 దరిదాపుల్లోనే ఉంటుంది. అంత ఘాటైన ద్రవాన్ని తాకుతూ ఒక కణం బతకడమే గొప్ప.

ఆ పోగైన కాల్షియమే దానికి కబురు. 1989 ప్రాంతంలో కణాల చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం పెంచి చూశారు. కణం లోపలా కాల్షియం పెరిగింది, అంచు పట్టు సడలింది, కణం ముడుచుకుంది, తవ్వకం తగ్గింది. బయటి హార్మోను ఏదీ వచ్చి చెప్పనక్కర్లేదు. ఈ కబురు అందుకునే గ్రాహకం ఏదన్న వాదన సాగుతూనే ఉంది. 1993లో పారాథైరాయిడ్ గ్రంథిలో దొరికిన కాల్షియం గ్రాహకానికి ఇందులో వాటా ఉండొచ్చు. మొత్తం పని దానిదేనంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇంకో మెలికుంది. ఈ కణం పుట్టాలన్నా కాల్షియమే కావాలి. ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీను తగిలాక, లేత కణంలో కాల్షియం అలలు అలలుగా లేచి పడుతుంది. మెరిసే రంగు ఎక్కించి మైక్రోస్కోపులో చూస్తే, పక్కపక్క కణాలు దేనికది తన లయలో వెలిగి ఆరుతుంటాయి. ఆ అలలు లేకపోతే సాధారణంగా ఆస్టియోక్లాస్టు తయారవదు.

కణం పుట్టడం వేరు, తవ్వడం వేరు. అందుకే మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు ఒకటే చెబుతాను: ప్లాస్టిక్ పళ్లెంలో కణం ఎంత పెద్దగా కనిపించినా నమ్మకండి, ఎముక ముక్క మీద పెంచండి. తర్వాత కణాల్ని కడిగేసి టొలుయిడిన్ బ్లూ రంగు అద్దితే అవి తవ్విన గుంటలు నీలంగా తేలతాయి. ద్రవంలో కాల్షియం పెంచిన ముక్క మీద కణాలు బాగానే ఉన్నట్టు కనిపించినా గుంటలు తగ్గిపోవచ్చు. కణాల్ని మాత్రమే లెక్కపెట్టి ఇంటికెళ్లినవాళ్లకు ఆ తేడా అందదు.