డబ్బా అడుగున మిగిలిన మందు

భర్మార్ తుపాకి వాడిన కాలంలో మందు ఎన్నేళ్ల నాటిదని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తడి తగిలిందా, పొడిగా ఉందా అన్నదే చూశారు. ఆ అలవాటు వెనక గట్టి కారణమే ఉంది. అదే అలవాటును రైఫిలు తూటా దగ్గరికి తెస్తే మాత్రం వేళ్లు పోతాయి, కళ్లు పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. తాత దాచిన డబ్బాలో మందు ఇంకా పనికొస్తుందా అని అడిగేవాళ్లు ముందు అది ఏ జాతి మందో చెప్పాలి. వయసు సంగతి ఆ తర్వాత.

జనగామ మెట్టభూములు, మానుకోట పక్కన పాకాల అడవి, భూపాలపల్లి దాటితే గోదావరి దాకా పరుచుకున్న అడవి. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలు కాకముందు ఇదంతా దాదాపు ఒకే వరంగల్ జిల్లా. చేను ఉన్నచోట అడవిపంది, అడవిపంది ఉన్నచోట మంచె, మంచె మీద కాపలా. ఆ కాపలాకి వడిసెల సరిపోనప్పుడు భర్మార్ దిగేది. గొట్టం మూతి నుంచే మందు, గుండ్లు నింపి కొట్టే తుపాకి ఇది. తూటా ఉండదు. నింపేవాడి చెయ్యే దానికి కార్ఖానా.

నింపడంలో వరుస తప్పకూడదు. మొదట మందు. దాని మీద గుడ్డపీలికో కొబ్బరిపీచో ఉండగా చుట్టి గజం అనే పొడవాటి కడ్డీతో దిగగొట్టాలి. తర్వాత చెర్రాలు, అంటే చిన్న గుండ్లు, వాటి మీద మళ్లీ ఉండ. దెబ్బ తగిలితే పేలి మందును అంటించే టోపీ పెట్టడం అన్నిటికన్నా చివర, అదీ కొట్టబోయే ముందు. నేర్చినవాడు మందును, అది దాచుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలో పొయ్యడు. చిన్న కొలతగిన్నెలోకి తీసుకుని అందులోంచి పోస్తాడు. ముందు దెబ్బ తాలూకు నిప్పురవ్వ గొట్టంలో మిగిలి ఉంటే, గిన్నెలో ఉన్న చిటికెడు మందు అంటుకుంటే చెయ్యి కాలుతుంది. కొమ్ము నిండా ఉన్నది అంటుకుంటే మనిషే మిగలడు. వెంటవెంటనే రెండో మందు పొయ్యకుండా కాసేపు ఆగడం కూడా ఇందుకే.

గజం దిగగొట్టడానికే కాదు, లెక్కకీ పనికొచ్చేది. ఖాళీ గొట్టంలో గజం ఎంతవరకు దిగుతుందో, సరిగ్గా నింపిన గొట్టంలో ఎంత బయట మిగులుతుందో దాని మీద గాట్లు పెట్టుకుంటే, చీకట్లో కూడా తడిమి తెలుసుకోవచ్చు. నింపిన సంగతి మరిచి మళ్లీ నింపితే గొట్టం పగులుతుంది. గుండు మందు దాకా దిగకుండా మధ్యలో ఆగి ఖాళీ మిగిలినా అంతే. టోపీ పేలి మందు అంటుకోకపోతే తుపాకిని వెంటనే తన వైపు తిప్పి చూసుకోకూడదు. మూతిని మనుషులు లేని దిక్కుకి పెట్టి వేచి ఉండాలి. ఆలస్యంగా పేలిన తుపాకులు చాలానే ఉన్నాయి.

ఇక మందు పరీక్ష. మంచి మందు గింజగట్టిగా ఉంటుంది, నలిపితే వేలికి మసిలా అంటుకోదు. గింజ సైజును బట్టి మండే వేగం ఉంటుంది కనుక గింజ చిట్లి దుమ్ముగా మారిన మందు పాత కొలతకి లొంగదు. తేమ తాకిన మందు గడ్డకడుతుంది. అందులోని సురేకారం నీటిలో కరిగి గింజ పైకి తేలి తెల్లటి పూతలా కనిపిస్తుంది. దాన్ని ఎండబెడితే బాగవుతుందనుకోవడం భ్రమ. ఒకసారి విడిపోయిన కలయిక ఎండలో తిరిగి కుదరదు. అది ఒకసారి నీరసంగా, ఒకసారి మొండిగా మండుతుంది. అలాంటి మందును పక్కన పెట్టేసే చెయ్యే అనుభవమున్న చెయ్యి.

భర్మార్ మందులోని సురేకారం, గంధకం, బొగ్గు మూడూ ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయే తప్ప, నిలవలో ఒకదాన్నొకటి తినవు. అందుకే తడి తగలకపోతే ఈ మందుకి చావు లేదు. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, అక్కడి అంతర్యుద్ధకాలపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి పాతవస్తువులు సేకరించే ఒకాయన చనిపోయాడు. ఆ గుండులో మందు 140 ఏళ్లు దాటినది. పాతబడింది కదా, చచ్చిపోయి ఉంటుందిలే అనుకునేవాళ్లకి ఈ ఒక్క సంఘటన చాలు.

భర్మార్ విలువ చేను కాపలాతో ఆగలేదు, తెలంగాణ రైతాంగ పోరాటంలోకీ వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు దొడ్డి కొమరయ్యను కాల్చి చంపేనాటికి ఊరేగింపులో ఉన్నవి కర్రలూ వడిసెలలూ. తర్వాత రెండేళ్లలో ఊరి రక్షణదళాల చేతికి వచ్చిన మొదటి తుపాకి చాలాచోట్ల భర్మారే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు మీద కాపలా ఉన్నవాళ్ల దగ్గరా అవే ఉన్నాయి. ఊరి మీదికి రజాకార్లతో కలిసి నిజాం సైన్యం వచ్చింది, వందమందికి పైగా జనం ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి ధైర్యాన్ని తలుచుకునేటప్పుడు మనం మరిచే లెక్క ఒకటుంది. శిక్షణ పొందిన సిపాయి .303 రైఫిలుతో నిమిషానికి 15 సార్లు గురిచూసి కాల్చగలడు. భర్మార్ పట్టినవాడు అదే నిమిషంలో ఒకసారి, మహా అయితే రెండుసార్లు. పైగా కాల్చిన ప్రతిసారీ లేచే తెల్లటి పొగ అతను ఎక్కడున్నాడో శత్రువుకి చూపిస్తుంది. మందు మండాక దాదాపు సగం బరువు ఘనపదార్థంగానే మిగులుతుంది మరి. కొంత పొగగా లేస్తుంది, కొంత గొట్టానికి పేరుకుంటుంది. నీళ్లతో కడగకపోతే గొట్టం తుప్పు పడుతుంది.

ఆ .303 తూటాయే పాత మందుకీ పొగరాని మందుకీ మధ్య ఉన్న గోడకి మంచి ఉదాహరణ. 1888లో అది వచ్చినప్పుడు అందులో ఉన్నది అచ్చుపోసిన పాత తుపాకి మందే. 1891లో దాని స్థానంలోకి కార్డైట్ వచ్చింది. నైట్రోగ్లిసరిన్, గన్‌కాటన్, వేజలైన్ కలిపి తీసిన సన్నటి పోగులవి. పొగ దాదాపు లేదు, బలం బాగా ఎక్కువ. మన దేశంలో దానికోసం నీలగిరిలోని అరువంకాడులో 1903లో కార్ఖానా పెట్టారు. తూటా మెడ సన్నం చేయకముందే ఆ పోగులను లోపల పేర్చేవారు. అంటే ఒకసారి కాల్చిన తూటాను ఇంట్లో కూర్చుని కార్డైట్‌తో మళ్లీ నింపడం కుదిరే పని కాదు. భర్మార్‌లో చేతిలో ఉన్న విద్య ఇక్కడికి వచ్చేసరికి కార్ఖానా గోడ లోపలికి వెళ్లిపోయింది.

పొగరాని మందు స్వభావమే వేరు. ఒత్తిడి పెరిగే కొద్దీ మరింత వేగంగా మండుతుంది, ఆ వేగం మళ్లీ ఒత్తిడిని పెంచుతుంది. రైఫిలు గదిలో చదరపు అంగుళానికి 45 వేల పౌండ్ల స్థాయి ఒత్తిడి మామూలు. అక్కడ చిటికెడు తేడా అంటే చిటికెడు కాదు. నిలవలో కూడా ఇది పాత మందులా నిద్రపోదు. నైట్రోసెల్యులోజ్ తనంతట తానే మెల్లగా కుళ్లుతూ ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, ఆ ఆవిర్లే కుళ్లును ఇంకా తొందర పెడతాయి. దాన్ని ఆపడానికి డైఫినైలమీన్ వంటి రసాయనం కలుపుతారు. అది అయిపోయిన రోజున మందుకి కాపలా లేదు. పుల్లటి ఘాటు వాసన, ఎర్రటి ఆవిరి, డబ్బా లోపల తుప్పు దాని గుర్తులు. 1907 మార్చి 12న ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులో ఈనా అనే యుద్ధనౌక, 1911 సెప్టెంబరు 25న అదే రేవులో లిబర్తే పేలిపోయి వందలమంది చనిపోయారు. రెండింటిలోనూ నింద పాతబడ్డ పొగరాని మందు మీదే పడింది.

అమెరికాలో తూటాలు ఇంట్లో నింపుకునే వ్యాపకం పెరగడానికి ఒక కారణం రెండో ప్రపంచయుద్ధంలో మిగిలిన మందే. బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన ప్రభుత్వం దగ్గర టన్నుల కొద్దీ కొని చిల్లరగా అమ్మాడు. 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల మందు కూడా అలా వేటగాళ్ల రైఫిళ్లలోకి చేరింది. అక్కడ కూడా తయారీ ఆగిపోయిన మందును ఎవరి ఇష్టానికి వాళ్లు వాడరు. ఆ మందు పేరు మీద, ఆ తరం తయారీ మీద అచ్చయిన కొలతల పట్టిక ఉంటేనే ముట్టుకుంటారు. పేరు ఒకటే అయినా కొత్త మందుకి పాత పట్టిక పనికిరాదు. చీటీ ఊడిన డబ్బాలోది పారబోయడమే. ఈ క్రమశిక్షణ నాకు భర్మార్ కొలతగిన్నెకి దగ్గర బంధువులా కనిపిస్తుంది. తెలియని మందు పోయకూడదన్నదే రెండుచోట్లా మొదటి పాఠం.

మన దగ్గర లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 1959 ఆయుధాల చట్టంలో 13వ సెక్షను పంట కాపలాకి మూతి నుంచి నింపే తుపాకి కోరేవాళ్లను విడిగా ప్రస్తావిస్తుంది. ఆ దారి ఇప్పటికీ ఉంది. అయితే 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవిలో వేటకి ఆ తుపాకి పనికిరాదు. అడవిపందిని కొట్టాలన్నా అనుమతి కావాలి.

భూపాలపల్లిలో కాకతీయ ఖని వైపు వెళ్తే మందును రోజూ ముట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, బొగ్గు పగలగొట్టే షాట్ ఫైరర్లు. అక్కడ పెట్టె మీద తయారీ తేదీ చూస్తారు. చెడిన మందును వాడెయ్యడమూ లేదు, దాచడమూ లేదు, నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు. ఇంట్లో డబ్బా దొరికినవాళ్లకి అంత ఏర్పాటు ఉండదు. మూత తిప్పకుండా, ఎండలో పెట్టకుండా, పొయ్యిలోనో బావిలోనో వెయ్యకుండా ఉన్నచోటే ఉంచి, పిల్లలను దూరం పెట్టి పోలీసుస్టేషన్‌కి చెప్పాలి. తుపాకి ఉంటే అదీ చెప్పాలి. తాత పేరు మీద ఉన్న లైసెన్సు మనవడికి దానంతటదే రాదు, దరఖాస్తు విడిగా పెట్టుకోవాల్సిందే.