అనుమానం అమ్మదగిన సరుకా?
నిఘా వ్యాపారం – ధార్మిక విమర్శ

దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 12వ ఆయతులో మూడు దుర్గుణాలు వరుసగా నిషేధించబడినవి. మొదటిది మితిమీరిన అనుమానం. రెండవది ఇతరుల గుట్టు కోసం కూపీ లాగడం, అనగా తజస్సుస్. మూడవది పరోక్షనింద. ఈ మూడింటికీ పరస్పర సంబంధం ఉన్నది. అనుమానం మనిషిని కూపీకి పురికొల్పుతుంది. కూపీలో దొరికినది నలుగురి నోళ్ళలో నానుతుంది. పూర్వం ద్వేషంతోనో, కుతూహలంతోనో, పాలకుని మెప్పు కోసమో మనిషి ఈ పాపానికి ఒడిగట్టేవాడు. నేటి కాలంలో వీటికి లాభాపేక్ష తోడైంది. అనుమానం టెండర్లు పిలిచి కొనే సరుకైంది. కూపీ నెలజీతపు ఉద్యోగమైంది. పెట్టుబడిదారీ విధానంపై ముస్లిం పండితులు దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన విమర్శ ఈ కొత్త వ్యాపారాన్ని అందుకోగలుగుతున్నదా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

వ్యాపార స్వరూపం

ముందుగా ఈ వ్యాపారం ఎంతటిదో తెలియాలి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికా ప్రభుత్వం గూఢచర్యంపై ధనాన్ని వరదలా పారించింది. ఆ పనిలో పెద్ద భాగం ప్రైవేటు కాంట్రాక్టర్ల పరమైంది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక రెండేళ్ళు పరిశోధించి 2010 జూలైలో ఒక లెక్క ప్రకటించింది. దాని ప్రకారం ఉగ్రవాద నిరోధం, స్వదేశ భద్రత, గూఢచర్యం పేరిట 1,271 ప్రభుత్వ సంస్థలు, 1,931 ప్రైవేటు కంపెనీలు పనిచేస్తున్నవి. అత్యంత రహస్య సమాచారం చూచే అనుమతి 8,54,000 మందికి ఉన్నది. వారిలో సుమారు 2,65,000 మంది కాంట్రాక్టర్ల మనుషులు.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ ఈ నిఘా రహస్యాలను లోకానికి వెల్లడించినప్పుడు అతడు ప్రభుత్వోద్యోగి కాడు. బూజ్ అలెన్ హామిల్టన్ అనే కంపెనీ ఉద్యోగి. అక్కడ చేరి మూడు నెలలైనా కాలేదు. ఆ కంపెనీ ఆ యేటి రాబడి సుమారు 580 కోట్ల డాలర్లు. అందులో దాదాపు యావత్తూ అమెరికా ప్రభుత్వం చెల్లించినదే. 2008లో కార్లైల్ గ్రూప్ అనే పెట్టుబడి సంస్థ ఈ కంపెనీలో అధిక భాగం వాటాను 254 కోట్ల డాలర్ల బేరంలో కొన్నది. 2010లో షేర్లు బజారుకెక్కినవి. మైక్ మెకానల్ అనే అధికారి 1992 నుండి 1996 వరకు అమెరికా జాతీయ భద్రతా సంస్థకు అధిపతి. తరువాత బూజ్ అలెన్‌లో ఉన్నతోద్యోగి. 2007 నుండి 2009 వరకు దేశ గూఢచర్యం మొత్తానికి డైరెక్టరు. ఆపైన తిరిగి బూజ్ అలెన్‌కే చేరాడు. కొనేవారూ అమ్మేవారూ ఒకరి కుర్చీలో ఒకరు కూర్చుంటున్నప్పుడు, ఈ సరుకు అసలు అవసరమా అని అడిగేవారెవరు?

ఈ సరుకు భారం ఎవరి నెత్తిన పడిందో న్యూయార్కు ముస్లిములకు తెలుసు. నగర పోలీసు శాఖ మసీదులను, ముస్లిం దుకాణాలను, విద్యార్థి సంఘాలను ఏళ్ళ తరబడి రహస్యంగా కనిపెట్టి ఉన్నదని 2011లో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు బయటపెట్టారు. ఆరేళ్ళలో ఆ ప్రత్యేక విభాగం పని వలన ఒక్క ఉగ్రవాద దర్యాప్తు కూడా మొదలు కాలేదని 2012లో పోలీసు ఉన్నతాధికారి ఒకరు ప్రమాణం చేసి అంగీకరించాడు. విభాగం 2014 ఏప్రిల్‌లో రద్దయింది. అయితే 2012 ఆగస్టులోనే ఆ నగరం మైక్రోసాఫ్ట్ కంపెనీతో కలిసి వేలాది కెమెరాలను ఒకే చోటికి చేర్చే నిఘా వ్యవస్థను ప్రకటించింది. ఆ వ్యవస్థను ఇతర నగరాలకు అమ్మితే వచ్చే రాబడిలో 30 శాతం న్యూయార్కు నగరానికి వాటా. కాపలా కాయవలసిన ప్రభుత్వమే దుకాణంలో భాగస్వామి అయింది.

ఇక్కడొక విశేషం గమనించాలి. మామూలు బజారులో పనికిరాని సరుకు కొన్నవాడు మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కడు. ఈ బజారులో ఏమీ దొరకకపోతే ఇంకా లోతుగా వెదకాలంటారు. ఏదైనా దొరికితే వెదకడం ఫలించిందంటారు. రెండు విధాలా కాంట్రాక్టు కొనసాగుతుంది. అనుమానం తీరితే కూలి ఆగిపోయేవానికి అనుమానం తీర్చే కోరిక ఎందుకుంటుంది?

గోడ దూకనక్కరలేని పాలకుడు

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఇమాం గజాలీ (రహ్మ) ఉల్లేఖించిన ఉదంతం ప్రసిద్ధమైనది. ఖలీఫా ఒక ఇంటి గోడ ఎక్కి చూచి, లోపలి మనిషిని తప్పు చేస్తుండగా పట్టుకొన్నారు. అతడు బదులు చెప్పాడు. తాను చేసిన తప్పు ఒక్కటే, ఖలీఫా చేసినవి మూడు. కూపీ లాగవద్దన్న ఆజ్ఞ, ఇళ్ళలోకి ద్వారం గుండా రమ్మన్న ఆజ్ఞ, అనుమతి అడిగి సలాం చెప్పి ప్రవేశించమన్న ఆజ్ఞ మూడూ భంగమైనవన్నాడు. హజ్రత్ ఉమర్ (రజి) ఆ మాటకు తలొగ్గి, పశ్చాత్తాపపడవలసిందని చెప్పి అతనిని విడిచిపెట్టారు. పాలకుని అధికారం పౌరుని గోడ దగ్గర ఆగిపోతుందన్నది ఈ ఉదంతంలోని ధర్మసూత్రం.

నేటి పాలకునికి గోడ ఎక్కే శ్రమ లేదు. తాళంచెవి ఉన్నవాని వద్ద కొనుక్కొంటే చాలు. మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో తెలిపే పాత ఫోను రికార్డులను పోలీసులు సాధారణంగా వారంటు లేకుండా తీసుకోరాదని 2018లో కార్పెంటర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని అటువంటి సమాచారాన్ని బజారులో కొంటున్నామనీ, కొనుగోలుకు ఆ తీర్పు వర్తించదని భావిస్తున్నామనీ 2021 జనవరిలో ఆ దేశపు రక్షణ గూఢచార సంస్థ తమ చట్టసభ సభ్యునికి తెలియజేసింది. అనగా చట్టం చేయి పట్టి ఆపిన చోట ధనం దారి ఇచ్చింది.

ఈ బజారు మసీదు మెట్ల దాకా వచ్చింది. నమాజు వేళలు, ఖిబ్లా దిశ తెలిపే ముస్లిం ప్రో అనే ఫోను సాధనాన్ని 9 కోట్ల 80 లక్షలకు పైగా సార్లు జనం దింపుకొన్నారు. అది వాడకందారులు ఉన్న చోటును తెలిపే సమాచారాన్ని ఎక్స్-మోడ్ అనే వ్యాపారికి అందజేసినదనీ, ఆ వ్యాపారి వద్ద కొనేవారిలో అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లు ఉన్నారనీ 2020 నవంబరులో మదర్‌బోర్డ్ పత్రిక వెల్లడించింది. సైన్యానికి తాము నేరుగా అమ్మలేదని చెప్పి, ఆ వ్యాపారితో సంబంధం తెంచుకొంటున్నట్లు సాధనం యజమానులు ప్రకటించారు. 2024 జనవరిలో అమెరికా వ్యాపార నియంత్రణ కమిషన్, ప్రార్థనాలయాల వంటి సున్నితమైన చోట్లకు ఎవరు వెళ్ళారో తెలిపే సమాచారాన్ని ఎక్స్-మోడ్ వారసత్వ కంపెనీ అమ్మరాదని ఆదేశించింది. కాబా ఎటు ఉన్నదని దాసుడు అడిగిన ప్రశ్నే అమ్మకానికి పెట్టబడినది.

రెండు విమర్శలు, రెండు లోపాలు

ఈ వ్యాపారంపై పాశ్చాత్య దేశాలలో వచ్చిన విమర్శలలో షోషానా జుబాఫ్ 2019లో ప్రచురించిన నిఘా పెట్టుబడిదారీ యుగం గురించిన గ్రంథం ముఖ్యమైనది. మానవుని నిత్యజీవితాన్ని ఉచితమైన ముడిసరుకుగా భావించి కంపెనీలు స్వాధీనపరచుకొంటున్నవని ఆమె సూత్రీకరణ. ఇది లోతైన పరిశీలనే. అయితే ఆమె దృష్టి ప్రధానంగా గూగుల్, ఫేస్‌బుక్‌ల వంటి వాటిపై నిలిచింది. ప్రభుత్వపు సొమ్ముతో బ్రతికే కాంట్రాక్టర్లకు అందులో దక్కిన చోటు తక్కువ. పైగా ఇది పెట్టుబడిదారీ విధానం దారి తప్పి కన్న వికృతి అని ఆమె భావన. దారి తప్పకపోతే ఆ విధానం మంచిదేనా? ఏది అమ్మదగినది, ఏది అమ్మరానిది అని చెప్పే హద్దు బజారుకు వెలుపల ఎక్కడున్నది? ఈ ప్రశ్నలు అక్కడ మిగిలిపోతవి.

ముస్లిం పండితుల విమర్శకు ఆ హద్దు తెలుసు. మౌలానా మౌదూదీ వడ్డీపై రచించిన గ్రంథం, సయ్యద్ ఖుతుబ్ 1951లో ఇస్లాముకు పెట్టుబడిదారీ విధానానికి మధ్య పోరాటంపై వెలువరించిన గ్రంథం, బాఖిర్ సద్ర్ 1961 నాటి ఇఖ్తిసాదునా, ఇవన్నీ ధనం మనిషికి యజమాని కారాదని ఘోషించినవే. కాని ఆ తరువాతి ఆచరణలో విమర్శ అంతా వడ్డీ దగ్గరకు కుదించుకొనిపోయింది. నేటి షరీఅత్ సమ్మత పెట్టుబడి నిధులు మద్యం, పందిమాంసం, జూదం, వడ్డీ వ్యాపారాలను జాబితా వేసి తోసివేస్తవి. కంపెనీ అప్పు మూడవ వంతు దాటిందా అని లెక్కకడతవి. నిఘా అనే పద్దు ఆ జాబితాలలో సాధారణంగా కనిపించదు. అప్పు తక్కువగా ఉండి, సారాయి అమ్మక, కేవలం పరుల గుట్టు అమ్మే కంపెనీ ఈ జల్లెడలో నిలబడదు, సాఫీగా జారిపోతుంది.

ఫిఖహ్‌లో ఈ జల్లెడ కన్నులు చిన్నవి చేసే సూత్రాలు లేకపోలేదు. ఒకడు మాట చెప్పి అటూ ఇటూ చూస్తే ఆ మాట అమానతు అని దైవప్రవక్త (స) బోధించినట్లు అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో హదీసు ఉన్నది. రహస్యమని నోటితో చెప్పనక్కరలేదు, ఆ చూపే చాలునన్నమాట. అమానతు పెట్టినవాని అనుమతి లేకుండా అమానతును అమ్మడం ద్రోహం. ఎవరికీ చెందని బీడు భూమిని సాగుచేసినవానికి హక్కు కలుగుతుందన్న సూత్రాన్ని కంపెనీలు తమకు తెలియకుండానే వాడుకొంటున్నవి. కాని మనిషి జీవితం బీడు భూమి కాదు. దానికి యజమాని ఉన్నాడు, గోడ ఉన్నది, ద్వారమున్నది. ఇక నిషిద్ధమైన పనికి కుదుర్చుకొన్న కూలి ధర్మసమ్మతం కాదన్నది ఇజారా అధ్యాయంలో ధర్మవేత్తలు చెప్పిన మాట. తజస్సుస్ హరామ్ అయినప్పుడు దాని కాంట్రాక్టు హలాల్ ఎట్లా అవుతుంది?

భద్రత మాటేమిటి?

హంతకుని పట్టుకొనేందుకు కూడా కూపీ వద్దా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. ఇమాం మావర్దీ (రహ్మ) దీనికి జవాబిచ్చారు. దాగివున్న దోషాల కోసం ముహ్తసిబ్ వెదకరాదు. అయితే ఒక మనిషిని చంపడానికి మరొకడు ఏకాంతానికి తీసుకొనిపోయాడని నమ్మదగిన వ్యక్తి చెప్పినప్పుడు, ఆలస్యమైతే దిద్దుకోలేని నష్టం కలిగేటప్పుడు విచారించవచ్చును. ఇక్కడ నిర్దిష్టమైన నేరం, నమ్మదగిన సాక్ష్యం, తక్షణ ప్రమాదం మూడూ ఉన్నవి. ఒక సముదాయాన్ని మొత్తంగా కనిపెట్టి ఉండేందుకు ఈ మినహాయింపులో చోటు లేదు. కంపెనీని తొలగించి ప్రభుత్వమే ఈ పని చేసినా పాపం పాపమే. లాభం దానికి రెండు కీడులు అదనంగా చేర్చుతుంది. పనికి అంతం లేకుండా పోతుంది. జవాబు చెప్పవలసినవాడు ప్రభుత్వం చాటున కంపెనీ, కంపెనీ చాటున ప్రభుత్వంగా మాయమవుతాడు.

ఇది అమెరికాను నిందించి ఊరుకొనే విషయం కాదు. అరబ్ ఎమిరేట్లకు చెందిన హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఫోనుకు వచ్చిన సందేశాల వెనుక ఇజ్రాయిలీ కంపెనీ ఎన్.ఎస్.ఓ. గూఢచార సాధనం ఉన్నదని 2016లో టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ తేల్చింది. అతనిని కనిపెట్టింది బహుశా అక్కడి ప్రభుత్వమేనని ఆ పరిశోధకుల అభిప్రాయం. హైదరాబాదులో 2021లో పోలీసులు దారిన పోయే కార్యకర్త ఒకరిని ఆపి, మాస్కు తీయమని చెప్పి, ఫోటో తీసుకొన్నారు. ఆయన ముఖాలను గుర్తించే యంత్రాల వాడకాన్ని తెలంగాణ హైకోర్టులో సవాలు చేశారు. అటువంటి యంత్రాలు వచ్చిన ప్రతి నగరంలోనూ అవి ఎవరి వద్ద, ఏ షరతులపై కొన్నారో అడగడం పౌరుని హక్కు.

కాబట్టి వడ్డీ లెక్కకు జోడించి మరొక లెక్క అడగవలసియున్నది. ఈ నిధిలో, ఈ షేరులో, ఈ ఉద్యోగపు జీతంలో ఎవరి అమానతు అమ్ముడుపోయింది? ముందుగా ఈ ప్రశ్న వేసుకోవలసినవారు ఫిఖహ్ పండితులు, పెట్టుబడి నిధుల షరీఅత్ సలహాదారులు, ముస్లిముల కోసమని ఫోను సాధనాలు తయారుచేసే వర్తకులు. పరుల గోడ దూకి చూచినందుకు ఖలీఫా అంతటివారే ఒక సామాన్యునికి సమాధానం చెప్పుకొన్నారు. గోడ లోపలిది కొన్నవారు, అమ్మినవారు, ఆ లాభంలో వాటా తిన్నవారు లెక్క చెప్పకుండా తప్పించుకోలేరు.