మంచం దిగండి (ముందుమాట)

గుండె దడగా ఉందని ఆసుపత్రికి వస్తారు. బల్ల మీద పడుకోబెట్టేసరికి దడ మాయం. మామూలు ఈసీజీకి దొరికేది పది సెకన్లు. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండె సరిగ్గా ఆ పది సెకన్లలోనే లయ తప్పాలంటే ఎలా? అందుకే 24 గంటలో, 48 గంటలో ఒంటి మీదే ఉండి గుండె లయను నమోదు చేసే హోల్టర్ యంత్రం పెడతాం.

డాక్టర్లం ఆ మాట చీటీ మీద రాసి చేతులు దులుపుకుంటాం. తరవాతి పనంతా టెక్నీషియన్లది. ఈ పుస్తకం రాసిన అమ్మాయి టెక్నీషియనే. ముందే స్నానం చేసి రమ్మనడం, ఛాతీ మీద వెంట్రుకలు గీసి ఎలక్ట్రోడ్లు అంటించడం, మంగళసూత్రానికి తీగలు చిక్కుకోకుండా సర్దడం... ఇవి నా చదువులో ఎక్కడా లేవు. ఈ యంత్రం చరిత్రను మాత్రం ఒక్క పేజీలో ముగించింది. మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1947లో వీపున మోసిన తొలి యంత్రం బరువు దాదాపు 38 కిలోలు. ఆయన డాక్టరు కాదు, భౌతికశాస్త్రం చదివినవాడు. అంతే. సరిపోతుంది కూడా.

అసలు బలం, యంత్రం ఒంటి మీద ఉన్నంతసేపూ రోగి రాయాల్సిన డైరీ గురించిన అధ్యాయంలో ఉంది. పెట్టె తిరిగిచ్చేస్తూ ఒక పెద్దావిడ, "నిన్నట్నుంచి మంచం దిగలేదమ్మా, మిషనుకేమీ కానివ్వలేదు" అంటుంది. ఆవిడకు దడ వచ్చేది మేడమెట్లు ఎక్కినప్పుడు! రికార్డింగు శుభ్రంగా ఉంది, జబ్బు మాత్రం తేలలేదు. మధ్యాహ్నం మూడింటికి లయ తప్పిందని యంత్రం చెబుతుంది. అప్పుడు మీరు బిందె ఎత్తుతున్నారా, ఇంట్లో మాటామాటా అనుకుంటున్నారా, కళ్లు తిరిగాయా అన్నది మీరే రాయాలి. దడ వచ్చినా గీత మామూలుగానే ఉంటే అదీ మాకు కావలసిన సంగతే. ఈ ముక్క రోగులకు ఇంత తేటగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఒక్క లోటుంది. రెండు వారాల దాకా అంటిపెట్టుకుని ఉండే ప్యాచ్‌లనూ, ఈసీజీ తీసే చేతి గడియారాలనూ పైపైన తడిమి వదిలేసింది. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషం ఒక్కరోజు హోల్టర్‌కు చిక్కకపోవచ్చు. దానివల్ల పక్షవాతం రావచ్చు కనక మలిముద్రణలో ఆ భాగం పెంచాలి.

హోల్టర్ పెట్టించుకోబోయేవాళ్లు ముందురోజే డైరీ అధ్యాయం చదవండి. పెట్టించుకున్నాక మీ పనులు మీరు చేసుకోండి, పెన్ను మాత్రం దగ్గర ఉంచుకోండి.