ఒకే కాంటీను, రెండు జీతాలు

శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారం తెరుచుకున్నది. అంతకు రెండు మూడేళ్ల ముందే రుద్రారంలో విజయ్ ఎలక్ట్రికల్స్ వారి ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారాన్ని తోషిబా కొనుక్కున్నది. హయత్‌నగర్‌లో డిగ్రీ చదివే మన పిల్లలకు జపాను యజమాని యిక అట్లాసులోని మనిషి కాడు. అందుచేత ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న ఆయన మాటను సాహిత్య విద్యార్థులు కూడా పరీక్షకు పెట్టవలసి వున్నది.

యీ మాట వట్టి బూటకమని తేల్చెయ్యడం తొందరపాటు. భార్గవ ‘ది మారుతీ స్టోరీ’ (2010) చదివినవారికి తెలుసు: 1982లో సుజుకీతో ఒప్పందం కుదిరాక మేనేజరూ కార్మికుడూ ఒకే యూనిఫాం తొడుక్కున్నారు, ఒకే కాంటీనులో తిన్నారు. దొరలకు వేరే భోజనశాలలు మరిగిన దేశంలో యిది చిన్న విషయం కాదు.

అయితే ఆ కుటుంబానికి జపానులో ఒక వెల వున్నది. 1958లో ఏబెగ్లెన్ అనే అమెరికన్ ‘ది జపనీస్ ఫ్యాక్టరీ’లో వర్ణించింది దానినే: చేరినవాణ్ణి రిటైరయ్యేదాకా తీసివేయకపోవడం, సర్వీసుతో పాటు జీతం పెంచడం. (అదీ పెద్ద కంపెనీల పర్మనెంటు వుద్యోగులకే, సబ్‌కాంట్రాక్టు కొట్లలోనివారు అక్కడా అరుగు మీది చుట్టాలే.) మరి సముద్రం దాటేటప్పుడు ఓడ యెక్కినవేవి? కైజెన్ యెక్కింది, ఫైవ్ ఎస్ యెక్కింది, ఉదయపు వ్యాయామం యెక్కింది. ఆజీవ వుద్యోగం రేవులోనే వుండిపోయింది. మానేసర్ లైను మీద పర్మనెంటు మనిషి పక్కనే అదే పని చేస్తూ, చాలా తక్కువ కూలికి కాంట్రాక్టు మనిషి నిలబడ్డాడు.

2011లో అక్కడివారు తమ సొంత యూనియన్ కావాలంటే, సత్ప్రవర్తన బాండు మీద సంతకం పెడితేనే లోపలికి రానిస్తామన్నారు. కన్నకొడుకు చేత బాండు రాయించుకునే యిల్లు యెక్కడైనా వున్నదా? 2012 జూలై 18 నాటి హింసలో మానవ వనరుల అధికారి ఒకరు ప్రాణం కోల్పోయారు. ఆయనా జీతగాడే, ఆ చావును సమర్థించే వాదం మనకు అక్కరలేదు. కాని 2017లో తీర్పు వచ్చేసరికి దోషులు 31 మంది, నిర్దోషులు 117 మంది. ఆ నిర్దోషుల్లో పలువురు అప్పటికే యేళ్లతరబడి జైల్లో మగ్గారు.

భార్గవ పుస్తకం యాజమాన్యం కంఠంతో మాట్లాడుతుంది. దానికి జవాబు జపాను భాషలోనే వున్నది. కొబయాషి తకిజి 1929లో రాసిన ‘కనికోసెన్’ నవలలో, పీతల మాంసం డబ్బాలకెత్తే ఓడ చట్టం దృష్టిలో ఓడ కాదు గనుక నౌకా చట్టం వర్తించదు. ఫ్యాక్టరీ కాదు గనుక ఫ్యాక్టరీ చట్టమూ వర్తించదు. కాంట్రాక్టు కార్మికుడి స్థితి దాదాపు యిదే. కంపెనీని అడిగితే కాంట్రాక్టరును చూపుతుంది. ఆ కాంట్రాక్టరు లైను మీద కనిపించడు. తకిజి 1933లో పోలీసుల చిత్రహింసలకు చనిపోయాడు. నవల మాత్రం 2008లో మళ్లీ లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. జపానులోని తాత్కాలిక వుద్యోగుల తరం అందులో తన బతుకును చూసుకున్నది.

బొగ్గుబావి మీద మనకు కథలున్నవి. శ్రీసిటీకి బస్సెక్కిన పిల్లవాడి కథ నాకింకా యెదురుకాలేదు. రాసిన మిత్రులుంటే యీ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాను.