ఆటబొమ్మ రైళ్లు, స్కేలు నమూనాలు

రైలుబండిని చిన్నదిగా చేసి ఇంటిలో నడుపుకోవలెననే ముచ్చట ఐరోపా, అమెరికా దేశాలలో పిల్లల ఆటగా మొదలై, క్రమంగా పెద్దల వ్యాసంగమైనది. ఈ వ్యాసంగంలో చాలాకాలం క్రిందటనే రెండు పక్షాలు ఏర్పడినవి. మొదటి పక్షం వారికి రైలు ఒక ఆటవస్తువు. అది గట్టిగా ఉండవలెను, జోరుగా తిరగవలెను, పిల్లవాని చేతినుండి జారిపడినా విరగరాదు. రెండవ పక్షం వారికి అది నిజమైన రైలుకు కొలత తప్పని ప్రతిరూపం. రెండవవారు మొదటివారిని రేకుబొమ్మల వారని చిన్నచూపు చూచినారు. మొదటివారు రెండవవారిని రివెట్లు లెక్కపెట్టేవారని ఎగతాళి చేసినారు.

పైకి ఇది పొద్దుపోని వారి తగవువలె కనిపించినా, దీనిలో విజ్ఞానశాస్త్రానికి చెందిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఒక వస్తువును చిన్నది చేసినప్పుడు దేనిని నిలుపుకోవచ్చును, దేనిని వదులుకోక తప్పదు? తరగతిలో నమూనాలు చూపి పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయునికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. కనుక ఈ రెండు పక్షాల వాదాలను కొలబద్ద పట్టుకొని పరిశీలించడం వృథా కాదు.

ముందుగా రెండు మాటలకు అర్థం తెలియవలెను. నమూనాలోని పొడవుకు, అసలు వస్తువులోని పొడవుకు గల నిష్పత్తి స్కేలు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజి. ఈ రెండూ వేరు. డార్జిలింగ్ కొండ రైలును జనం "టాయ్ ట్రైన్" అంటారు. కాని 1881లో పూర్తి అయిన ఆ రైలు దేనికీ నమూనా కాదు. దాని గేజి రెండడుగులే అయినా, అది తన కొలతలో తాను నిజమైన రైలు. చిన్నదైనంత మాత్రాన ఏదీ నమూనా కాజాలదు.

ఆటబొమ్మలు చేసిన మేలు

రైలు బొమ్మలకు ఒక క్రమం కల్పించిన ఘనత జర్మనీలోని గోపింగెన్ పట్టణపు మెర్క్లిన్ సంస్థకు చెందుతుంది. 1891లో లైప్‌జిగ్ సంతలో ఆ సంస్థ అంకెలతో గుర్తించిన గేజిలను ప్రవేశపెట్టినది. అంతకుముందు బొమ్మ కొన్నవారికి ఆ బొమ్మతోనే సరి. గేజి స్థిరపడిన తరువాత ఈ ఏడు ఇంజను, వచ్చే ఏడు రెండు పెట్టెలు, ఆపై ఏడు మరికొన్ని పట్టాలు కొని కలుపుకొనే వీలు కలిగినది. అమెరికాలో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో స్థాపించిన లయొనెల్ సంస్థ, ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో ప్రారంభించిన రైళ్లు ఈ పద్ధతినే ఇంటింటికీ చేర్చినవి. ఒకరు చేసిన వస్తువు మరొకరు చేసిన దానితో కలియవలెనంటే కొలతలలో ఒప్పందం కావలెను. ఈ శాస్త్రీయమైన గుణాన్ని మొదట తెచ్చినవి ఆటబొమ్మలే. స్కేలు పక్షంవారు ఈ సంగతిని తరచుగా మరచిపోతారు.

అయితే ఆ పక్షంవారి ఫిర్యాదులో నిజం లేకపోలేదు. సాధారణమైన పెట్టె రైలు తీసుకొని చూడవచ్చును. ప్రపంచంలో మిక్కిలి వాడుకలో ఉన్న స్కేలు 1:87. దీనిని హెచ్ఓ అంటారు. ఈ స్కేలులో విరివిగా అమ్మే వంపు పట్టాల వ్యాసార్ధం 18 అంగుళాలు, అనగా సుమారు 457 మి.మీ. దానిని 87 చేత హెచ్చించినట్లయితే 40 మీటర్లు వచ్చును. మన బ్రాడ్‌గేజి మార్గాలలో వంపు వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గరాదన్నది నియమం. ఆ 175 మీటర్లను 1:87లో చూపుటకు రెండు మీటర్ల వ్యాసార్ధం కావలెను. అనగా ఒక్క పూర్తి వలయానికే నాలుగు మీటర్ల వెడల్పు గది చాలదు.

వేగం సంగతి ఇంకా విచిత్రం. గంటకు 60 కి.మీ. వేగంతో పోయే రైలును 1:87లో చూపవలెనంటే బొమ్మ సెకండుకు 19 సెం.మీ. మాత్రమే కదలవలెను. పిల్లవాడు మీట పూర్తిగా త్రిప్పి సెకండుకు ఒక మీటరు చొప్పున పరుగెత్తించినప్పుడు, ఆ రైలు స్కేలు ప్రకారం గంటకు 313 కి.మీ. వేగంతో పోతున్నట్లు లెక్క! పొడవులోనూ ఇదే తీరు. ఐరోపాలో 26.4 మీటర్ల పొడవుండే ప్రయాణికుల పెట్టె 1:87లో 30 సెం.మీ. మించుతుంది. బిగువు వంపులలో అంత పొడవు పెట్టె వికారంగా బయటికి పొడుచుకొని వస్తుంది. కనుక పెక్కుమంది తయారీదారులు వెడల్పు 1:87లోను, పొడవు 1:100లోను చేసి అమ్మినారు.

కొలత పక్షంవారి కొలతలు

ఇట్టి లోపాలను సరిదిద్దే పట్టుదలతో అమెరికాలో 1935లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడినది. పట్టాలకు, చక్రాలకు ఈ సంఘం ప్రమాణాలు నిర్ణయించినది. ఆ గాలి ఆటబొమ్మల సంస్థలకు కూడా సోకినది. 1937లో లయొనెల్ సంస్థ న్యూయార్క్ సెంట్రల్ రైల్వేవారి హడ్సన్ ఇంజనును 1:48 స్కేలులో, 700ఇ అనే సంఖ్యతో తయారుచేసి 75 డాలర్లకు అమ్మినది. ఆనాటికి అది సామాన్యుడు ముట్టుకోలేని వెల. ఆకారంలోను, వివరాలలోను ఆ ఇంజను నేటికీ మెచ్చదగినదే. కాని అది తిరుగుటకు కావలసిన పట్టాల వలయం వ్యాసం 72 అంగుళాలు. వ్యాసార్ధం 36 అంగుళాలను 48 చేత హెచ్చిస్తే 144 అడుగులు. ఏ ప్రధాన మార్గంలోను ఇంత బిగువైన వంపు ఉండదు. ఇంజను స్కేలుకు వచ్చినది కాని, దాని దారి ఆటబొమ్మగానే మిగిలినది.

ఇంకొక తమాషా ఉన్నది. స్కేలు పక్షంవారు గేజిలను తాము కనిపెట్టలేదు. ఆటబొమ్మలనుండి వారసత్వంగా పొందినారు. బొమ్మల ఓ గేజి సుమారు 32 మి.మీ. అమెరికావారు దీనిపై 1:48 స్కేలు బండిని నిలిపినారు. వారి కొలత ప్రకారం ఒకటింపావు అంగుళాన్ని 48 చేత హెచ్చిస్తే 60 అంగుళాలు. నిజమైన స్టాండర్డ్ గేజి 56½ అంగుళాలే. ఇంగ్లండులో అదే పట్టాపై 1:43.5 స్కేలు బండి నడిచినది. అక్కడ గేజి 1,435 మి.మీ.కు బదులు 1,392 మి.మీ. అయినది. ఐరోపా ప్రధాన భూభాగంలో 1:45 వాడినందున 1,440 వచ్చినది. పట్టా ఒక్కటే, కాని అది మూడు దేశాలలో మూడు వెడల్పులను సూచించినది!

ఓఓ అనే బ్రిటిషు స్కేలు కథ మరీ చిత్రమైనది. బ్రిటిషు ఇంజనులు ఐరోపా ఇంజనులకంటె ఇరుకైనవి. 1:87లో చేసినప్పుడు ఆనాటి మోటారు వాటి కడుపులో పట్టలేదు. కనుక ఒంటిని 1:76.2కు పెంచి, పట్టాను మాత్రం హెచ్ఓవారి 16.5 మి.మీ. వద్దనే ఉంచినారు. లెక్క చూస్తే ఆ గేజి 1,257 మి.మీ. అవుతుంది. నిజమైన దానికంటె ఇది 178 మి.మీ. తక్కువ. ఎదురుగా నిలబడి చూచినవారికి బండి సన్నని కాళ్లపై లావుపాటి మనిషివలె కనిపిస్తుంది. ఈ తప్పు సహించలేని కొందరు 1960 దశకంలో 18.83 మి.మీ. గేజితో పట్టాలు, చక్రాలు స్వయంగా తయారుచేసుకొన్నారు. 1,435ను 76.2 చేత భాగించి పాఠకులు ఆ సంఖ్యను సరిచూచుకోవచ్చును.

చక్రాల దగ్గర కూడా రాజీ తప్పలేదు. పైన చెప్పిన అమెరికా సంఘం హెచ్ఓకు సూచించిన ప్రసిద్ధమైన చక్రం మందం 0.110 అంగుళం. 87 రెట్లు చేస్తే 24 సెం.మీ. దాటుతుంది. నిజమైన చక్రం మందం దానిలో ఇంచుమించు సగమే. పట్టా తప్పకుండా కాపాడే చక్రపు అంచు కూడా ఉండవలసిన దానికి రెట్టింపు లోతుగా ఉంటుంది. బిగువు వంపులు, ఎగుడుదిగుడు అతుకులు గల పట్టాలమీద తేలికైన బండి పడిపోకుండా ఉండుటకు ఇది అవసరం. అంగడిలో స్కేలు నమూనా పేరుతో అమ్మే సరకులో చాల భాగం ఇట్టి రాజీలతో కూడినదే.

ఏ కొలబద్దకూ లొంగనివి

ఎంత డబ్బు, ఎంత ఓర్పు ఉన్నా దిద్దుకోలేని తేడాలు మరికొన్ని ఉన్నవి. పొడవు 87వ వంతు అయినప్పుడు వైశాల్యం సుమారు 7,600వ వంతు, ఘనపరిమాణం సుమారు 6,60,000వ వంతు అగును. ఆకారం పెంచినా తగ్గించినా బలం, బరువు ఒకే పాలులో మారవని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలోనే వివరించినాడు. నూరు టన్నుల ఇంజను 1:87లో నూటయాభై గ్రాములకు దిగుతుంది. నిజమైన రైలుకు ఆవిరి కట్టివేసినా జడత్వం వలన అది చాల దూరం సాగిపోతుంది. నమూనాలో విద్యుత్తు ఆపగానే ఘర్షణ గెలిచి బండి ఠక్కున నిలిచిపోతుంది. అందుకే తయారీదారులు మోటారుకు చిన్న గతిపాలక చక్రాన్ని తగిలించి, లేని జడత్వాన్ని కొంత అరువు తెస్తారు.

కాలం కూడా స్కేలుకు లొంగదు. ఇరవై మీటర్ల ఎత్తైన వంతెననుండి ఒక రాయి పడుటకు రెండు సెకండ్లు పట్టును. 1:87 వంతెన ఎత్తు 23 సెం.మీ. దానినుండి పడుటకు సెకండులో అయిదవ వంతు చాలును. కాలం 87 రెట్లు తగ్గలేదు; 87 వర్గమూలం చొప్పున, అనగా సుమారు 9.3 రెట్లు మాత్రమే తగ్గినది. గురుత్వాకర్షణను తగ్గించే సాధనం ఏ దుకాణంలోను దొరకదు కదా! చలనచిత్రాలలో నమూనాల ప్రమాద దృశ్యాలను ఎక్కువ వేగంతో చిత్రించి, నెమ్మదిగా చూపించడానికి కారణం ఇదే.

విద్యుత్తు విషయంలో ఆటబొమ్మ పక్షంవారిదే పైచేయి అనిపించే చోటు ఒకటి ఉన్నది. లయొనెల్ పట్టాలకు నడుమ మూడవ పట్టా ఉంటుంది. చూపునకు అది పచ్చి అబద్ధం. కాని వలయం దృష్ట్యా అది చక్కని ఉపాయం. నడిమి పట్టా ఒక ధ్రువం. రెండు ప్రక్క పట్టాలు కలిసి రెండవ ధ్రువం. బండి చుట్టు తిరిగి తాను వచ్చిన మార్గంలోనే వెనుకకు పోయేటట్లు పట్టా వేసినా చిక్కు లేదు. రెండు పట్టాల పద్ధతిలో అట్లా వేసినప్పుడు ఎడమ పట్టా కుడి పట్టాతో కలిసి షార్ట్ సర్క్యూట్ అగును. అందుచేత ఒక ముక్కను వేరుచేసి, దానికి ధ్రువాలు మార్చే స్విచ్చి పెట్టవలెను. మెర్క్లిన్‌వారు 1950 దశకంలో నడిమి పట్టాను తీసివేసి, దిమ్మెల నడుమ చిన్న మొలలు నాటి, కంటికి, వలయానికి ఇద్దరికీ నచ్చే మార్గం చూపినారు.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో నెలకొల్పిన నమూనా రైళ్ల సంఘంలో కూడా రెండు తెగల వారుండేవారు. కొందరికి బల్లపైని ఇంజనులు, ఊళ్లు ముద్దు. కొందరికి బల్లక్రింద టెలిఫోను రిలేలతో అల్లిన సంకేతాల వలయమే ప్రాణం. ఈ రెండవ తెగవారిలో కొందరు తరువాత తొలి కంప్యూటర్ల ప్రోగ్రాములు వ్రాయుటలో పేరు పొందినారు. వారు నమూనా చేసినది రైలు రూపాన్ని కాదు, రైలును నడిపించే పద్ధతిని. ఏ రివెట్టు ఎక్కడ ఉన్నదో లెక్కించే కొలబద్దకు ఈ ప్రతిభ కనిపించదు.

తీర్పు

కనుక ఈ తగవులో ఏ పక్షం గెలిచినది? ఆటబొమ్మ అబద్ధం, స్కేలు నమూనా నిజం అన్న విభజన నిలువదు. ఆకారం, దూరం, వేగం, బరువు, కాలం అన్నవి వేర్వేరు రాశులు. వీటినన్నిటిని ఒక్కసారిగా ఏ నమూనా నిలుపుకోలేదు. ఆటబొమ్మ గట్టిదనాన్ని, చలనాన్ని నిలుపుకొని ఆకారాన్ని వదులుకొన్నది. స్కేలు నమూనా ఆకారాన్ని నిలుపుకొని జడత్వాన్ని వదులుకొన్నది. తేడా దేనిని ఎన్నుకొన్నారన్న దానిలో ఉన్నది. అట్లని రెండూ సమానమేనని సరిపెట్టుకొనుటకు కూడా వీలులేదు. ఏమి వదులుకొన్నదో సంఖ్యలలో చెప్పగలిగే అలవాటు స్కేలు పక్షంవారు నేర్పినది. 178 మి.మీ. లోపమని లెక్కగట్టినవారే 18.83 మి.మీ. పట్టా వేయగలిగినారు. ఆ పక్షానికి దక్కవలసిన మెప్పు ఇది. తమ లెక్కలోకి రాని వాటిని లేనట్లే భావించడం వారి లోపం.

కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ నిర్మించిన 1:87 రైలుమార్గం ఈ వ్యాసంగంలో మకుటం వంటిదని పేరు. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే అది అగ్నికి ఆహుతి అయినది. కొలతలలో అంతటి పట్టుగల ఆ శిల్పి తన యార్డులో బండ్లను లాగుటకు ఒక రాక్షసబల్లిని నియమించినాడు! ఆట ఎక్కడ ముగుస్తుందో, కొలత ఎక్కడ మొదలవుతుందో ఎరిగిన వానికే అట్టి చనువు చెల్లును.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా పరీక్షకు పెట్టవచ్చును. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. భారతీయ ఇంజనును 1:87లో చేసి అంగడిలో దొరికే 16.5 మి.మీ. పట్టాపై నిలిపితే ఎంత తప్పు వచ్చునో విద్యార్థులనే లెక్కవేయమనవలెను. సరియైన గేజి సుమారు 19.3 మి.మీ. అని వారే తేలుస్తారు. ఆ తరువాత గోడపైని సౌరకుటుంబపు పటాన్ని చూపవలెను. భూమిని ఒక సెంటీమీటరు గోళీగా చేసినచో సూర్యుడు 109 సెం.మీ. గోళం అగును, రెండింటి నడుమ దూరం 117 మీటర్లు. ఏ గోడకూ అంత పొడవు లేదు. పటం దూరాలను వదులుకొన్నది. ఆ మాట పటం క్రింద వ్రాసి ఉండదు. పటాన్ని తీసివేయనక్కరలేదు. అది వదులుకొన్నదేమిటో ఉపాధ్యాయుడు నోటితో చెప్పిన చాలును.