లీవర్ ఆగిన చోట

లీవర్ రైఫిల్‌ను మనలో చాలామంది కౌబాయ్ సినిమాల్లోనే చూసి ఉంటారు. ట్రిగ్గర్ వెనక ఉన్న ఇనుప వలయంలో వేళ్లు దూర్చి ఒకసారి కిందికి తోసి పైకి లాగితే చాలు, పేలిన తూటా తొడుగు బయటపడి కొత్త తూటా బారెల్‌లోకి ఎక్కుతుంది. ఆ ఒక్క ఊపులో ఎన్ని పనులు ఏ వరసలో జరుగుతున్నాయో తెలియాలంటే, బిగుసుకుపోయిన రైఫిల్ ఒకదాన్ని విప్పి చూడాలి. అమెరికాలో మార్లిన్ కంపెనీ 1948లో తెచ్చిన 336 మోడల్ అందుకు చక్కగా సరిపోతుంది.

దీని వంశం పాతది. ఎల్.ఎల్. హెప్‌బర్న్ రూపకల్పన చేసిన 1889 మోడల్‌తోనే మార్లిన్ లీవర్ రైఫిళ్లకు మూసిన పైకప్పు వచ్చింది. ఖాళీ తొడుగు పైకి ఎగరకుండా కుడిపక్క నుంచి బయటికి పోతుంది. 336లో వచ్చిన మార్పు గుండ్రటి బోల్ట్, అంటే బారెల్ వెనక కొసను మూసే కదిలే దిమ్మె.

తూటాలు బారెల్ కింద సన్నటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుని ఉంటాయి. ముందున్న స్ప్రింగ్ వాటిని వెనక్కి తోస్తూ ఉంటుంది. వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న, మందును వెలిగించే ప్రైమర్‌ను తాకుతుంది కాబట్టే ఈ రైఫిల్‌లో వాడే 30-30 తూటాల మొన సాధారణంగా చదునుగా చేస్తారు. లీవర్ కిందికి దిగగానే మొదట బోల్ట్‌ను బిగించి ఉంచే తాళం దిమ్మె జారుతుంది, తర్వాత బోల్ట్ వెనక్కి నడుస్తుంది. బోల్ట్ కొక్కెం ఖాళీ తొడుగును లాగుతుంది, ఎడమ గోడలోని ఎజెక్టర్ దాన్ని బయటికి తన్నుతుంది, బోల్ట్ వెనకభాగం హ్యామర్‌ను వంచి నిలుపుతుంది. ఈలోగా కొత్త తూటా క్యారియర్ అనే చిన్న పలక మీదికి వస్తుంది. లీవర్ పైకి వచ్చేటప్పుడు క్యారియర్ తూటాను బారెల్ ఎత్తుకు లేపుతుంది, బోల్ట్ దాన్ని బారెల్ వెనక కొసలోని గదిలోకి (ఛాంబర్) తోస్తుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది హ్యామర్ దెబ్బను ప్రైమర్‌కు చేర్చే ఫైరింగ్ పిన్. అది రెండు ముక్కలు. వెనక ముక్కను ఒక చిన్న స్ప్రింగ్ ఎప్పుడూ కిందికి వంచి ఉంచుతుంది. తాళం దిమ్మె పూర్తిగా పైకి లేచి తన చోట కూర్చున్నప్పుడే ఆ ముక్క పైకి లేచి ముందు ముక్కతో ఒకే గీతలోకి వస్తుంది. బోల్ట్ సరిగా మూసుకోకపోతే హ్యామర్ పడ్డా దెబ్బ తూటాకు చేరదు. అదనంగా ఒక మీట పెట్టకుండా, తాళం వేసే ముక్కకే కాపలా పని కూడా అప్పగించారు.

బిగుసుకున్న రైఫిల్ ఏదైనా నిండి ఉన్నట్టే లెక్క. బారెల్ మనుషులు లేని, తూటా దూసుకుపోలేని దిక్కుకు తిరిగి ఉండాలి. ఆ తర్వాత చేతికి బలం అక్కర్లేదు, స్పర్శ కావాలి. లీవర్ ఎక్కడ ఆగిందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కిందికి దిగే మొదట్లోనే మొరాయిస్తే, పేలిన తొడుగు ఉబ్బి గదిలో పట్టేసి ఉండొచ్చు. పైకి మూసే చివర్లో ఆగితే గదిలో మసి ఉందేమో, తూటా పూర్తిగా కూర్చోలేదేమో చూడాలి. మధ్యలో, క్యారియర్ లేవాల్సిన దగ్గర గట్టిగా కొట్టుకుని ఆగితే మాత్రం అది మార్లిన్ వాడేవాళ్లు బాగా ఎరిగిన రోగమే.

దాని మూలం చాలా చిన్నది. లీవర్ ముందు అంచు క్యారియర్‌ను తాకుతూ దాని ఎత్తును నిర్ణయిస్తుంది. ఆ అంచు పదునుగా ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ క్యారియర్ అడుగున గాడి పడుతుంది. గాడి లోతు కాగితమంత ఉన్నా క్యారియర్ ఉండాల్సిన ఎత్తులో ఉండదు. అప్పుడు రెండో తూటా అంచు తన వంతు రాకముందే జారి లోపలికి వస్తుంది. రెండు తూటాలకు చోటు లేదు, లీవర్ కదలదు. ఇక్కడ బలవంతం చేస్తే గాడి ఇంకా లోతవుతుంది.

విప్పడానికి ఒక్క స్క్రూ చాలు. లీవర్ ఇరుసు స్క్రూ తీసి లీవర్‌ను కిందికి లాగితే, బోల్ట్ వెనకనుంచి జారి వస్తుంది, ఎజెక్టర్ చేతికి వస్తుంది. అడ్డుపడ్డ తూటాను కర్రపుల్లతో మెల్లగా వెనక్కి నెట్టి తీయొచ్చు. లోహపు పనిముట్టు ప్రైమర్ దరిదాపులకు పోకూడదు. గొట్టంలోని తూటాలన్నీ బయటికి తీశాకే మిగతా పని.

బోల్ట్ తీసేశాక శుభ్రం చేసే కడ్డీని వెనకనుంచే బారెల్‌లోకి పంపొచ్చు. పాత వించెస్టర్ 94ను ఇంట్లో శుభ్రం చేసేవాళ్లు సాధారణంగా ముందునుంచే కడ్డీ పెడతారు. అలా రుద్దీ రుద్దీ బారెల్ మూతి అంచు అరిగితే గురి దెబ్బతింటుంది. మార్లిన్‌లో ఆ బెంగ లేదు. లోపలి మూలల్లో గడ్డకట్టిన పాత నూనె, మసి కలిసి గోధుమరంగు జిగురై ఉంటాయి. ద్రావకంతో నానబెట్టి, బ్రష్‌తో తీసి, ఆరాక పలుచగా నూనె రాయాలి. నూనె ఎక్కువైతే అదే మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది.

అసలు మరమ్మతు లీవర్ అంచు దగ్గరే ఉంది. సన్నటి సానరాయితో ఆ పదును మాత్రమే విరిచి, నునుపు చేయాలి. అంచు ఎత్తు తగ్గకూడదు, తగ్గితే క్యారియర్ లేచే సమయం మళ్లీ తప్పుతుంది. క్యారియర్‌పై గాడి లోతుగా ఉంటే తుపాకీ పనివాడు దానిమీద లోహం పోసి సరిచేస్తాడు, లేదా కొత్త క్యారియర్ వేస్తాడు.

తిరిగి బిగించేటప్పుడు ఎజెక్టర్ ముందు, బోల్ట్ తర్వాత, లీవర్ చివర. ఎజెక్టర్ బొడిపె ఎడమ గోడలోని రంధ్రంలో కూర్చోవాలి, లీవర్ కొస బోల్ట్ గాడిలో పడాలి. అన్నీ అమరాక మందూ ప్రైమరూ లేని డమ్మీ తూటాలు నింపి, లీవర్‌ను మొదట నెమ్మదిగా, తర్వాత మామూలు వేగంతో ఆడించాలి. నెమ్మదిగా ఆడించినప్పుడు క్యారియర్ లేవడం కళ్లారా కనిపిస్తుంది. రెండో డమ్మీ అంచు క్యారియర్ ముందు పెదవి దగ్గరే ఆగిపోయి, మొదటిది ఏ రాపిడీ లేకుండా గదిలోకి జారితే అంచు సరిగా నునుపైనట్టే. వేగం పెంచినప్పుడు ఒక్కసారి ఆగినా లీవర్‌ను మళ్లీ విప్పి, కొత్త గీత ఎక్కడ పడిందో చూడాలి.